ఒక్క ఊపిరితిత్తి మీద నడిచే ఆపరేషన్: ఛాతీ శస్త్రచికిత్సలో శ్వాస నిర్వహణపై సమీక్ష

ఛాతీ ఆపరేషన్‌లో సర్జనూ మత్తు డాక్టరూ పనిచేసేది ఒకే అవయవం మీద. కత్తి నిదానంగా కదలాలంటే ఊపిరితిత్తి కదలకూడదు. రోగి బతకాలంటే ఊపిరి ఆగకూడదు. ఈ రెండూ ఒకేసారి సాగడానికి వైద్యులు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ఆపరేషన్ జరిగే వైపు ఊపిరితిత్తిలో గాలి తీసేసి ముడుచుకునేలా చేస్తారు. రెండో వైపు ఊపిరితిత్తి ఒక్కదానితోనే గంటల తరబడి రోగిని నడిపిస్తారు. జోడెద్దుల బండికి ఒక ఎద్దును విప్పేసి, బరువంతా రెండోదాని మెడ మీద వేసి దారి సాగించడం లాంటిది ఇది.

ఈ ఉపాయానికి తొంభై ఏళ్లు దాటాయి. ఈ కాలంలో మత్తు వైద్యుల ముందున్న ప్రశ్న రెండుసార్లు మారింది. ఒక ఊపిరితిత్తిలోని చీము రెండోదానిలోకి పారకుండా ఎలా ఆపాలన్నది మొదటి ప్రశ్న. ఒక్క ఊపిరితిత్తితో రక్తంలో ఆక్సిజన్ ఎలా నిలబెట్టాలన్నది రెండోది. పనిచేస్తున్న ఊపిరితిత్తిని మన యంత్రమే గాయపరచకుండా ఎలా చూసుకోవాలన్నది మూడోది, నేటిది. ఈ మూడింటిపై ఇంతవరకు తేలిందేమిటి, తేలనిదేమిటి అని వరసగా చూస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. రోగికి జరిగే కీడులో చాలా భాగం రెండు మామూలు కారణాల వల్లే జరుగుతుంది: ట్యూబు కొస సరిగ్గా ఎక్కడుందో చూడకపోవడం, ఒక్క ఊపిరితిత్తిలోకి రెండింటికి సరిపడా గాలి పంపడం. ఈ రెండింటినీ నివారించడం మన చేతుల్లో ఉన్న పని.

ఒత్తిడి గది నుంచి జంట గొట్టం దాకా

ఊపిరితిత్తులు ఛాతీ గోడకు అంటిపెట్టుకుని విచ్చుకుని ఉండడానికి కారణం, ఆ రెండింటి మధ్య వాతావరణం కన్నా తక్కువ ఒత్తిడి ఉండడం. పక్కటెముకల మధ్య కోత పెట్టగానే బయటి గాలి లోపలికి దూసుకెళ్తుంది, ఆ వైపు ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. రోగి తనంతట తాను ఊపిరి పీలుస్తుంటే మధ్యలో ఉన్న గుండె, పెద్ద రక్తనాళాలు ప్రతి శ్వాసకూ అటూ ఇటూ ఊగుతాయి. వాడేసిన గాలి ఒక ఊపిరితిత్తి నుంచి రెండోదానిలోకి తిరుగుతూ ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి పొట్ట తెరవడంలో ఆరితేరిన సర్జన్లు సైతం ఛాతీ తెరవడానికి జంకింది ఇందుకే.

1904లో జర్మనీలోని బ్రెస్లా నగరంలో (ఇప్పుడది పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) ఫెర్డినాండ్ జావర్‌బ్రుఖ్ దీనికొక విచిత్రమైన పరిష్కారం చూపాడు. గాలి ఒత్తిడి తగ్గించిన గదిలో రోగి శరీరం, సర్జన్లు ఉంటారు. రోగి తల మాత్రం గది బయట ఉంటుంది. ఆలోచన పనిచేసింది కానీ గది నిలవలేదు. 1909లో న్యూయార్క్‌లో మెల్ట్జర్, ఆవర్ జంతువుల వాయునాళంలోకి సన్నటి గొట్టం దించి, దానిగుండా గాలిని ఒత్తిడితో పంపి బతికించవచ్చని చూపారు. గది అవసరం అక్కడితో తీరిపోయింది. నేటి వెంటిలేటర్ నడిచేది ఆ రెండో దారిలోనే.

తర్వాతి మెట్టు ఒక వైపును మాత్రమే మూయడం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గేల్, వాటర్స్ కఫ్ ఉన్న గొట్టాన్ని ఒక్క వైపు శ్వాసనాళంలోకి దించి, ఆ ఊపిరితిత్తితోనే రోగిని నడిపిన విధానాన్ని 1932లో ప్రచురించారు. మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహమ్ క్యాన్సర్ సోకిన ఒక వైపు ఊపిరితిత్తిని పూర్తిగా తీసేశాడు, రోగి బతికాడు. 1936లో బ్రిటన్‌లో మాగిల్ చిన్న బెలూన్‌తో జబ్బు వైపు నాళాన్ని మూసే బ్లాకర్‌ను తెచ్చాడు. 1949లో స్వీడన్‌కు చెందిన కార్లెన్స్ రెండు దారులున్న గొట్టం తయారుచేశాడు. ఏ ఊపిరితిత్తి ఎంత పనిచేస్తోందో విడివిడిగా కొలవడం అతని ఉద్దేశం. ఆపరేషన్ థియేటర్ దాన్ని వెంటనే అందిపుచ్చుకుంది. 1962లో రాబర్ట్‌షా ఆ గొట్టంలోని కొక్కెం తీసేసి, లోపలి దారులు వెడల్పు చేశాడు. ఇవాళ వాడి పారేసే ప్లాస్టిక్ డబుల్ ల్యూమెన్ ట్యూబులు ఆ నమూనాకు వారసులు.

మొదటి ప్రశ్న మన దగ్గర తీరిపోలేదు

ఆ తొలి రోజుల్లో ఛాతీ ఆపరేషన్ అంటే ఎక్కువగా క్షయ, చీము. యాంటీబయాటిక్‌లు లేని కాలంలో కోత మధ్యలో జబ్బు ఊపిరితిత్తిలోని చీమంతా కదిలి మంచి ఊపిరితిత్తిని ముంచెత్తేది. రోగిని బోర్లా పడుకోబెట్టి ఆపరేషన్ చేసిన సర్జన్లు ఉన్నారు, చీము నోటి వైపు జారిపోవాలని. మందులు వచ్చాక సంపన్న దేశాల్లో ఈ భయం వెనక్కి తగ్గింది. అక్కడి పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఎక్కువ పేజీలు క్యాన్సర్ ఆపరేషన్లకే పోతాయి.

మన దగ్గర కథ వేరు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో శానటోరియం మొదలైన నాటి నుంచి ఇవాళ్టి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దాకా క్షయ మన వైద్యాన్ని వదిలిపెట్టలేదు. మందులతో క్రిములు చచ్చాక కూడా ఊపిరితిత్తిలో గుంతలు మిగులుతాయి. వాటిలో ఫంగస్ ముద్దగా పెరిగి, దగ్గినప్పుడల్లా రక్తం పడుతుంది. పాడైన శ్వాసనాళాల్లో కఫం, చీము నిలవుంటాయి. ఊపిరితిత్తి చుట్టూ చీము చేరి, నాళంలోకి రంధ్రం పడుతుంది. దీనికి తోడు హైడాటిడ్ తిత్తులు. గొర్రెలు, కుక్కల ద్వారా మనిషికి చేరే ఈ పురుగు తిత్తులు దేశంలో ఎక్కువగా కనబడే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊపిరితిత్తిలోని పెద్ద తిత్తి మధ్యలో పగిలితే అందులోని నీరు, పొరలు ఎదుటి వైపు నాళాన్ని మూసేయగలవు. తీవ్రమైన అలర్జీతో బీపీ పడిపోవచ్చు కూడా.

ఇలాంటి రోగుల్లో రెండు ఊపిరితిత్తులను వేరు చేయడం సర్జన్ సౌకర్యం కోసం చేసే పని అనుకోకూడదు. అది ప్రాణరక్షణ. నాళంలో రంధ్రం ఉన్నవారిలో వేరు చేయక ముందే వెంటిలేటర్ ఒత్తిడి పెడితే గాలంతా ఆ రంధ్రం గుండానే పోతుంది. రక్తం కక్కుతున్నవారిలో మంచి వైపును ముందు కాపాడుకోవాలి. ఇక్కడ జంట గొట్టానికి బ్లాకర్ కన్నా ఒక మేలు ఎక్కువ: జబ్బు వైపు చేరిన చీమును, నెత్తురును ఆ వైపు దారి గుండానే పీల్చి తీసేయవచ్చు. బ్లాకర్ బెలూన్ జారితే వెనక కట్టుకున్నదంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అందుకే చీము, నెత్తురు ఉన్న కేసుల్లో జంట గొట్టానికే నా ఓటు.

మిగతా కేసుల్లో ఎంపిక అంత ఏకపక్షం కాదు. రెండింటినీ పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో వచ్చిన విశ్లేషణ తేల్చింది ఇది: జంట గొట్టం త్వరగా కుదురుతుంది, తక్కువగా జారుతుంది; బ్లాకర్ వాడితే గొంతు నొప్పి, బొంగురు, నాళానికి గాయాలు తక్కువ. నోరు సరిగ్గా తెరుచుకోనివారికి, ముందే మెడలో గొట్టం ఉన్నవారికి, చిన్న పిల్లలకు బ్లాకరే దారి. మామూలుగా దొరికే జంట గొట్టాల్లో అతి చిన్నది కూడా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పట్టదు.

ట్యూబు ఎక్కడుందో కంటితో చూడాలి

వాయునాళం ఛాతీలో రెండుగా చీలుతుంది. ఎడమ నాళం పెద్దవారిలో దాదాపు 5 సెంటీమీటర్ల పొడవు. కుడిది పొట్టిది, రెండు సెంటీమీటర్లు దాటగానే పై భాగానికి వెళ్లే కొమ్మ చీలిపోతుంది. గొట్టం కొసను కుడి వైపు పెడితే ఆ కొమ్మ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే ఆపరేషన్ ఏ వైపైనా చాలామంది ఎడమ గొట్టాన్నే ఎంచుకుంటారు. ఎడమ ఊపిరితిత్తినే మొత్తం తీసేస్తున్నప్పుడు, ఎడమ నాళం గడ్డతో నొక్కుకుపోయినప్పుడు మాత్రం కుడి గొట్టం తప్పదు.

ఇప్పుడు థియేటర్‌లో జరిగేది దగ్గరగా చూద్దాం. స్వరపేటిక దాటాక గొట్టాన్ని ఎడమకు తొంభై డిగ్రీలు తిప్పి, కొంచెం తట్టుకునే దాకా దించుతారు. 170 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి పళ్ల దగ్గర సుమారు 29 సెంటీమీటర్ల గుర్తు, ఎత్తు ప్రతి పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అటూ ఇటూ. ఇది అంచనా మాత్రమే. తర్వాత ఒక్కో దారిని క్లాంపుతో మూస్తూ స్టెతస్కోపుతో రెండు వైపులా వింటారు. అన్నీ సరిగ్గానే వినిపిస్తాయి. అప్పుడు సన్నటి బ్రాంకోస్కోపును వాయునాళం వైపు దారిలోంచి దింపి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. సరిగ్గా ఉంటే నాళం చీలే గట్టు ఎదురుగా కనిపిస్తుంది. కుడి నాళం తెరిచి ఉంటుంది. ఎడమ నాళంలో, గట్టు అంచుకు కాస్త కింద నీలం బెలూన్ పై అంచు సన్నటి చంద్రవంకలా కనబడుతుంది. కుడి నాళంలోకి తొంగిచూస్తే పై భాగపు కొమ్మలో మూడు చిన్న రంధ్రాలు. ఒకే చోట మూడు నోళ్లు కనిపించేది ఊపిరితిత్తులంతటిలో దాదాపు అక్కడొక్కచోటే. అవి కనిపిస్తే మనం చూస్తున్నది నిజంగా కుడి వైపేనని ధైర్యం. నీలం బెలూన్ అసలు కనబడకపోతే గొట్టం లోతుకు వెళ్లింది. బెలూన్ గట్టు మీదికి పొంగి వస్తే పైకి వచ్చేసింది.

చెవిని నమ్ముకుంటే ఏమవుతుందో 1998లో 200 మందిపై వచ్చిన పరిశీలన చూపింది. విని సరిగ్గానే ఉందనుకున్న గొట్టాల్లో మూడో వంతుకు పైగా బ్రాంకోస్కోపుతో చూస్తే స్థానం తప్పి ఉన్నాయి. రోగిని పక్కకు తిప్పాక మళ్లీ జారినవి ఉన్నాయి. కాబట్టి చూడడం ఒక్కసారి సరిపోదు, తిప్పాక మళ్లీ చూడాలి. 2006లో అమెరికాలోని అయోవాలో కాంపోస్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఛాతీ కేసులు అరుదుగా చేసే మత్తు వైద్యులు బ్రాంకోస్కోపు చేతిలో ఉన్నా, జంట గొట్టమైనా బ్లాకరైనా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో సరిగ్గా అమర్చలేకపోయారు. లోపం పరికరంలో లేదు. కొమ్మలు ఎలా చీలతాయో కళ్లకు అలవాటు కాకపోవడంలో ఉంది. పరికరం కొనడంతో పని అయిపోయిందనుకునే ఆసుపత్రులు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

ఆక్సిజన్ పడిపోయినప్పుడు

ముడిచిన ఊపిరితిత్తిలోకి గాలి పోదు కానీ రక్తం పోతూనే ఉంటుంది. ఆ రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే గుండెకు తిరిగొస్తుంది. పక్కకు పడుకున్న మనిషిలో పై ఊపిరితిత్తికి దాదాపు 40 శాతం రక్తం వెళ్తుంది. అదంతా వృథా అయితే రోగి తట్టుకోవడం కష్టం. కాపాడేది శరీరం తనకు తాను ఏర్పరచుకున్న ఏర్పాటు: గాలి లేని చోట రక్తనాళాలు బిగుసుకుని, రక్తాన్ని గాలి ఉన్న చోటికి మళ్లిస్తాయి. 1946లో ఫన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద దీన్ని వివరించారు. ఇది చక్కగా పనిచేస్తే పై ఊపిరితిత్తికి వెళ్లే వాటా సగానికి, అంటే 20 శాతం దరిదాపుల్లోకి తగ్గుతుంది.

పీల్చే మత్తు వాయువులు ఈ బిగింపును సడలిస్తాయి, నరంలోకి ఇచ్చే ప్రొపోఫాల్ సడలించదు. ప్రయోగశాలలో ఇది నిజం. అందుకని ప్రొపోఫాలే మేలని చాలాకాలం వాదన నడిచింది. మరోవైపు, పీల్చే వాయువులు ఊపిరితిత్తిలో వాపును తగ్గిస్తాయన్న ఆశ కూడా ఉండేది. స్విట్జర్లాండ్‌లో ఐదు కేంద్రాల్లో 460 మందిపై జరిగి 2016లో వచ్చిన పరీక్షలో పీల్చే వాయువైన డెస్‌ఫ్లూరేన్‌కు, ప్రొపోఫాల్‌కు మధ్య పెద్ద చిక్కుల్లో తేడా తేలలేదు. మామూలు మోతాదులో ఏది వాడినా ఫరవాలేదని నాకు అనిపిస్తుంది. ఆ చర్చ మీద పెట్టే శ్రద్ధ ట్యూబు మీద పెట్టడం మంచిది.

ఒక్క ఊపిరితిత్తితో శ్వాస మొదలైన పావుగంటకు రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 98 శాతం నుంచి 87కు జారిందనుకోండి. చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. ఆక్సిజన్ నూరు శాతానికి పెంచాలి. సర్జన్‌కు చెప్పాలి. బీపీ, గుండె పంపింగ్ చూడాలి. వెంటనే బ్రాంకోస్కోపు దింపాలి. పడిపోవడానికి అతి సాధారణ కారణం ట్యూబు జారడమే. అక్కడ అంతా సరిగ్గా ఉంటే కింది ఊపిరితిత్తిని ఒకసారి నిదానంగా విచ్చుకునేలా ఊది, శ్వాస చివర ఒత్తిడి నిలపాలి. అప్పటికీ కుదరకపోతే పై ఊపిరితిత్తికి స్వల్ప ఒత్తిడితో ఆక్సిజన్ ఇవ్వవచ్చు. కెమెరాతో చేసే కీహోల్ ఆపరేషన్లలో ఇది సర్జన్ చూపుకు అడ్డొస్తుంది, కాబట్టి ముందే మాట్లాడుకోవాలి. ప్రమాదం ముదిరితే రెండు ఊపిరితిత్తులకూ గాలి ఇచ్చేయడమే. ఆపరేషన్ పది నిమిషాలు ఆగితే నష్టం లేదు. మొత్తం ఊపిరితిత్తి తీసేస్తున్న కేసులో సర్జన్ ఆ వైపు రక్తనాళాన్ని బిగిస్తే వృథా రక్తం అక్కడితో ఆగుతుంది.

బ్రాంకోస్కోపు వాడకం, మెరుగైన మందులు వచ్చాక ఇలాంటి పతనాలు మునుపటికన్నా బాగా తగ్గాయి. రెండో ప్రశ్నకు చాలావరకు జవాబు దొరికిందనే చెప్పాలి.

ఎంత గాలి, ఎంత ఒత్తిడి

ఆ జవాబు వెనుకే మూడో ప్రశ్న పుట్టింది. ఆక్సిజన్ నిలబెట్టే ఆత్రంలో దశాబ్దాల పాటు ఒక్క ఊపిరితిత్తిలోకి కిలోకు 10 నుంచి 12 మిల్లీలీటర్ల గాలి పంపేవారు. మానిటర్ మీద అంకె బాగుండేది. రెండు మూడు రోజుల తర్వాత వార్డులో ఊపిరితిత్తిలోకి నీరు చేరేది. ఒక వైపు పూర్తిగా తీసేసిన రోగుల్లో, ముఖ్యంగా కుడి వైపు తీసినవారిలో, ఇది ప్రాణాంతకమయ్యేది.

దారి మార్చింది ఐసీయూ. 2000లో అమెరికాలో 861 మంది తీవ్ర ఊపిరితిత్తి వాపు రోగులపై వచ్చిన పరీక్షలో కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో దాదాపు 40 శాతం, 6 ఇచ్చినవారిలో 31 శాతం చనిపోయారు. అక్కడి పాఠం థియేటర్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఒక్క ఊపిరితిత్తికి కిలోకు 4 నుంచి 6 మిల్లీలీటర్లే చెబుతారు. ఆ కిలో తూకం మీద కనిపించే బరువు కాదు, ఎత్తును బట్టి ఉండాల్సిన బరువు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 65 కిలోల బరువున్న మహిళను తీసుకోండి. ఎత్తును బట్టి ఆమె లెక్క బరువు సుమారు 43 కిలోలు. కిలోకు 5 చొప్పున 215 మిల్లీలీటర్లు. పాత అలవాటుతో తూకం బరువుకు పది చొప్పున ఇస్తే 650. మూడింతలు! పొట్టిగా, కాస్త లావుగా ఉండే మన ఆడవాళ్లకు ఈ పొరపాటు ఎక్కువగా తగులుతుంది. థియేటర్ గోడ మీద ఎత్తు–బరువు పట్టిక ఒకటి అంటిస్తే చాలు, ఇది ఆగిపోతుంది.

గాలి తగ్గించడం ఒక్కటే చాలదు. వర్జీనియాలో వెయ్యి మందికి పైగా రోగుల రికార్డులు తిరగేసి 2016లో వెలువరించిన పరిశీలనలో, శ్వాస చివర తగినంత ఒత్తిడి లేకుండా గాలి మాత్రమే తగ్గించినవారికి మేలు కనబడలేదు. చిన్న శ్వాసలతో ఊపిరితిత్తి కింది భాగాలు మూసుకుపోతాయి. మరి ఎంత ఒత్తిడి? శ్వాస ఆగిన చోటి ఒత్తిడికీ, చివర నిలిపే ఒత్తిడికీ మధ్య తేడాను కనిష్ఠం చేసేలా ఒక్కో రోగికి సరిచూసుకోవాలని 2019లో దక్షిణ కొరియా నుంచి 292 మంది పరీక్ష చెప్పింది, చిక్కులు 12.2 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గాయి. ఎంతో ఆశ రేగింది. 2023లో అదే దేశంలో పలు కేంద్రాల్లో వెయ్యి మందికి పైగా రోగులతో చేసిన పెద్ద పరీక్షలో ఆ మేలు కనిపించలేదు.

ఈ ఫలితాన్ని నిరాశగా చూడనక్కర్లేదు. ఇప్పుడు అందరికీ అందుతున్న మృదువైన శ్వాసే చాలావరకు పని చేసేసిందని దాని అర్థం కావచ్చు. తక్కువ గాలి, శ్వాస చివర 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి, అవసరమైనంత ఆక్సిజన్ మాత్రమే, కార్బన్ డయాక్సైడ్ కొంత పెరిగినా ఓర్చుకోవడం, సెలైన్ పొదుపుగా ఇవ్వడం. ఇవి కలిసి నడిస్తే ఇంకో చిన్న సర్దుబాటు చూపే తేడా స్వల్పం. శాచురేషన్ 92 దగ్గర నిలకడగా ఉంటే దాన్ని 99 చేయడానికి ఊపిరితిత్తిని ఉబ్బించాల్సిన పనిలేదు.

ట్యూబు తీశాక

ఆపరేషన్ టేబుల్ మీదే రోగి మెలకువ తెచ్చుకుని, ట్యూబు తీయించుకుని, తన ఊపిరి తాను పీల్చాలి. వెంటిలేటర్ మీద గడిపే ప్రతి గంటా కుట్టు వేసిన నాళానికి పరీక్షే. అందుకు నొప్పి లేకపోవడం ముఖ్యం. పక్కటెముకల కోత నొప్పితో దగ్గలేని మనిషి కఫాన్ని లోపలే నిలుపుకుని న్యుమోనియా తెచ్చుకుంటాడు. వెన్నులో ఎపిడ్యూరల్ చాలాకాలం రాజ్యమేలింది. వెన్నుపూస పక్కన ఇచ్చే ప్యారావెర్టిబ్రల్ బ్లాకు దాదాపు అంతే ఉపశమనం ఇస్తుంది, బీపీ అంతగా పడదు. 2016లో వెలుగులోకి వచ్చిన ఎరెక్టర్ స్పైనే బ్లాకు సులువైనది, చిన్న ఆసుపత్రుల్లోనూ నేర్చుకోగలిగినది.

అసలు ట్యూబే వేయకుండా, బ్లాకులు ఇచ్చి, రోగిని తన ఊపిరితోనే ఉంచి కీహోల్ ఆపరేషన్ చేసేవారు ఇటలీ, తైవాన్, చైనాల్లో ఉన్నారు. చిన్న కేసుల్లో, ఎంచుకున్న రోగుల్లో ఫలితాలు బాగున్నాయి. అయితే నెత్తురు పొంగితే పక్కకు పడుకున్న రోగికి నిమిషాల్లో ట్యూబు వేయగలిగిన చేయి అక్కడ ఉండాలి. చీము, తిత్తి, క్షయ గుంతల కేసులు ఎక్కువగా ఉన్న చోట ఈ పద్ధతిని ఆదర్శంగా పెట్టుకోవడం తొందరపాటు.

చేయవలసింది

రోగిని ఎంచుకునే దగ్గరే సగం పని ఉంది. రెండు ఊపిరితిత్తుల్లోని మొత్తం 19 ఖండాల్లో ఎన్ని పోతాయో లెక్కగట్టి, మిగిలే ఊపిరి సామర్థ్యం ఉండాల్సినదానిలో 40 శాతం దాటుతుందో లేదో చూడాలి. అంతస్తుల మెట్లు ఎక్కించి చూడడం ఏ ఊళ్లోనైనా చేయగలిగిన పరీక్ష.

ఆ తర్వాత కావలసినవి రెండు. ఛాతీ ఆపరేషన్ చేసే ప్రతి థియేటర్‌లో మత్తు డాక్టరు చేతికి అందే బ్రాంకోస్కోపు. వాడి పారేసే రకం కూడా ఇప్పుడు మార్కెట్లో ఉంది, క్షయ కేసుల్లో అంటు భయం లేకుండా దాన్ని వాడవచ్చు. రెండోది, దాన్ని పట్టుకునే చేతికి శిక్షణ. పీజీ విద్యార్థులు కొమ్మల చీలికను నమూనా బొమ్మల మీద కంఠతా వచ్చేదాకా చూడాలి. ప్రతి మామూలు ఛాతీ కేసులోనూ సీనియర్ పక్కన నిలబడి చూపించాలి. అత్యవసర కేసు వచ్చిన రాత్రి ఆ పాఠం నేర్చుకోవడం కుదరదు. ఛాతీ ఆపరేషన్‌కు అనుమతి, నిధులు ఇచ్చే వారు ఈ రెండింటినీ షరతుగా పెడితే, కొత్త పరిశోధన ఏదీ రాకపోయినా మన దగ్గర ప్రాణాలు మిగులుతాయి.